‘ఛార్జ్’ అంటే ముందు బరువు, తర్వాతే మిగిలినవన్నీ

పోటీ పరీక్షకు చదువుతూ ‘ఛార్జ్’ అనే ఇంగ్లీషు మాట దగ్గర ఆగిపోయానని రాశారు. బస్సు ఛార్జీ, ఫోను ఛార్జింగ్, ఛార్జిషీటు, లాఠీఛార్జి, ఇన్‌ఛార్జి, ఇవన్నీ ఒకే మాట ఎలా అయ్యాయి, అర్థాలన్నీ బట్టీ పట్టవలసిందేనా అని అడిగారు. బట్టీ పట్టవద్దు. హైదరాబాద్‌లో ఒక దినపత్రిక డెస్కులో 19 ఏళ్లు ఇంగ్లీషు వార్తలను తెలుగు చేశాను. ఈ మాటతో పడిన తిప్పలు ఇంకే మాటతోనూ పడలేదు. అందుకే కాస్త పొడుగ్గా జవాబు రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం. రాత్రి తొమ్మిది దాటింది, జిల్లా ఎడిషన్ పేజీలు వెళ్లిపోయే వేళ. ఒక విదేశీ వార్త ఇచ్చారు. అందులో ఒక కుంభకోణం, ఒక అధికారి, ఆయన పేరు పక్కన ‘ఛార్జ్‌డ్ విత్’. నేను ‘కుంభకోణంలో అభియోగాలు ఎదుర్కొంటున్న అధికారి’ అని రాసి ఇచ్చేశాను. నిజానికి ఆయన ఆ కుంభకోణంపై దర్యాప్తు చేసే పని అప్పగించిన అధికారి. దొంగను పట్టుకోవడానికి వెళ్లిన మనిషిని దొంగగా నిలబెట్టాను. ప్రూఫు చూసిన సీనియర్ సబ్ ఎడిటర్ ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి నన్ను పిలిచారు. కోప్పడలేదు. “అమ్మా, ఆయన నెత్తిన ఏమి పెట్టారో చూశావా? నేరమా, పనా?” అని మాత్రం అడిగారు.

ఆ ప్రశ్న ఎంత లోతైనదో నాకు తర్వాత తెలిసింది. ఆబిడ్స్‌లో ఆదివారం నాడు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఇంగ్లీషు మాటల పుట్టుక చెప్పే నిఘంటువు ఒకటి దొరికింది. అట్ట ఊడిపోయింది కానీ లోపలి పేజీలన్నీ ఉన్నాయి. ఇంటికి వచ్చి మొదట తీసింది ఈ మాటే. లాటిన్‌లో ‘కారుస్’ అంటే బండి. దాని నుంచి ‘కారికారే’, బండికి బరువు ఎత్తడం. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి ‘ఛార్జ్’ అయింది. మనం ఎక్కే కారు, ఓడల్లో వెళ్లే కార్గో కూడా ఆ ఇంటి పిల్లలే.

ఇక తెలుగు వైపు చూడండి. మనం పన్నుల భారం ‘మోపుతాం’. నేరం ‘మోపుతాం’. బాధ్యత ‘మోస్తాం’. ఇంగ్లీషువాడు ఒక్క బరువు మాటతో చేసిన పనులన్నీ మనం మోయడం, మోపడం అనే క్రియలతో ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నాం. కాబట్టి ఈ మాట ఎక్కడ కనబడినా నిఘంటువు తీయకముందే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఏమి బరువు? ఎవరి మీద? ‘విత్’ తర్వాత దొంగతనమో హత్యో ఉంటే నేరం మోపినట్టు. దర్యాప్తో నిర్వహణో ఉంటే పని అప్పగించినట్టు. ‘ఫర్’ వస్తే సాధారణంగా డబ్బు. ‘ఎట్’ వస్తే మీదికి దూసుకెళ్లడం.

కోర్టు వార్తల్లో మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే అక్కడ మనం తప్పు రాస్తే ఒక మనిషి పరువు పోతుంది. పోలీసులు కేసు నమోదు చేయడం ఒక మెట్టు. దర్యాప్తు ముగించి కోర్టులో ఛార్జిషీటు దాఖలు చేయడం ఇంకో మెట్టు. దాన్నే తెలుగులో అభియోగ పత్రం అంటున్నాం. నేర విచారణ చట్టం మాత్రం దాన్ని పోలీసు నివేదిక అంటుంది. పాత చట్టంలో అది 173వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 193వ సెక్షన్. ఆ పత్రం చూసి, ఇరువైపుల వాదన విని, నిందితుడి మీద ఏ నేరాలకు విచారణ జరపాలో న్యాయమూర్తి నిర్ణయించి నమోదు చేస్తారు. చట్టం దృష్టిలో అసలు ‘ఛార్జ్’ అంటే అది. అంటే పోలీసులు పత్రం వేసినంత మాత్రాన కోర్టు అభియోగం నమోదు చేసినట్టు కాదు, కోర్టు నమోదు చేసినంత మాత్రాన నేరం రుజువైనట్టూ కాదు. నాంపల్లి కోర్టుల నుంచి వచ్చే వార్తల్లో ఈ మూడింటినీ కలిపేసిన శీర్షికలు ఎన్నో దిద్దాను. ఇప్పటికీ పత్రికల్లో అలాంటివి చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది.

విద్యుత్తు అర్థం కూడా బరువు నుంచే వచ్చింది. తుపాకిలో మందు కూరడాన్ని ఇంగ్లీషులో ఛార్జ్ చేయడం అనేవారు. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ వంటి వారు గాజు జాడీలలో విద్యుత్తు నింపి ప్రయోగాలు చేస్తున్నప్పుడు, మందు కూరినట్టే విద్యుత్తు కూరుతున్నాం అనుకుని అదే మాట వాడారు. మన భౌతికశాస్త్ర పుస్తకాలు దీనికి పెట్టిన పేరు ‘ఆవేశం’. ధనావేశం, రుణావేశం అని బడిలో చదివే ఉంటారు. నాకు ఈ అనువాదం అంటే ఎంతో ఇష్టం. ఆవేశించడమంటే లోపలికి ప్రవేశించడం. బోనాల మర్నాడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం జరుగుతుంది. పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే స్త్రీని చూసి అమ్మవారు ఆమెను ఆవేశించిందని అంటాం. ఒక శక్తి వచ్చి లోపల నిండిపోవడం! ఆ మాటను తెచ్చి విద్యుత్తుకు పెట్టినవారికి దండం పెట్టాలి. ఇంగ్లీషులో వాతావరణం ‘ఛార్జ్‌డ్’గా ఉంది అంటే జనం ఉద్వేగంతో నిండి ఉన్నారని అర్థం. ఆవేశపూరితం అని రాస్తే అచ్చంగా సరిపోతుంది.

ఫోను దగ్గర ఒక మెలిక ఉంది. తెలుగులో ‘ఛార్జింగ్ అయిపోయింది’ అంటే బ్యాటరీ ఖాళీ అయిందని అర్థం. మా డెస్కులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఢిల్లీ నుంచి వచ్చిన సహోద్యోగికి ఇదే వాక్యాన్ని మాటకు మాట ఇంగ్లీషులో చెప్పింది. ఆయన ఫోను పూర్తిగా నిండింది అనుకుని తన ఛార్జర్ తీగను తీసుకుని వెళ్లిపోయారు. పరీక్షలో అనువాదం వస్తే ఇది గుర్తుంచుకోండి. బ్యాటరీ మీద రాసే 5000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) కూడా ఆవేశానికి కొలతే, ఆవేశాన్ని కొలిచే ప్రమాణమైన కూలుంబుల్లో లెక్క వేస్తే 18,000.

లాఠీఛార్జిలో ఉన్న ఛార్జ్‌కు కొట్టడం అని అర్థం లేదు. ఆయుధాన్ని దాడికి సిద్ధంగా పట్టుకోవడం, ఆపైన మూకుమ్మడిగా మీదికి ఉరకడం, గుర్రపు దళాల కాలం నుంచి వచ్చిన అర్థం అది. లాఠీ మనది, ఉరకడం వారిది.

ఈ మాట నాకు బషీర్‌బాగ్‌ను గుర్తుకు తెస్తుంది. 2000 ఆగస్టు 28న విద్యుత్ ఛార్జీల పెంపునకు నిరసనగా అసెంబ్లీ వైపు బయలుదేరిన జనాన్ని పోలీసులు అక్కడ అడ్డుకున్నారు. లాఠీఛార్జి, ఆపైన కాల్పులు. ముగ్గురు చనిపోయారు. ఆ వార్తల్లో కరెంటు బిల్లు దగ్గర ఒక ఛార్జీ, లాఠీ పక్కన ఇంకొక ఛార్జి ఉన్నాయి. రెండూ జనం మీద పడిన బరువులే. అక్కడి స్తూపం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఆ రెండు మాటలూ పక్కపక్కనే కనిపిస్తాయి నాకు.

డబ్బు అర్థం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మనం బస్సు ఛార్జీ అంటాం కానీ ఇంగ్లీషులో ప్రయాణానికి ‘ఫేర్’ అంటారు, డాక్టరుకో లాయరుకో ఇచ్చేది ‘ఫీజు’. అలాగే ఇన్‌ఛార్జి. ఇంగ్లీషులో ఆ మాటకు బాధ్యత మోస్తున్న వ్యక్తి అనే అర్థం. మన పత్రికల్లో ఇన్‌ఛార్జి తహసీల్దారు, ఇన్‌ఛార్జి వీసీ అంటే పూర్తికాలం మనిషి వచ్చేదాకా తాత్కాలికంగా చూసుకునేవారు.

డిశ్చార్జి అంటే బరువు దించడం. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపడం, ఉద్యోగం నుంచి విముక్తి, బ్యాటరీ ఖాళీ కావడం, పుండు నుంచి చీము కారడం, అన్నీ దించుకోవడాలే. మా పక్కింటావిడ తల్లికి శస్త్రచికిత్స అయ్యాక, కాగితంలో ‘నో డిశ్చార్జి’ అని చూసి ఆవిడ వణుకుతూ మా ఇంటికి వచ్చింది. అమ్మను ఇంటికి పంపరేమోనని. నేను కాగితం తీసుకుని చూస్తే అంతకుముందు మాట గాయం గురించి. గాయం పొడిగా ఉంది, చీము లేదు. అది శుభవార్త అని చెప్పగానే ఆవిడ మా గడపలోనే కూలబడి ఏడ్చేసింది.

చివరగా మీరు పంపిన వాక్యం. పార్కులో ఆయా, ‘ఆమె ఛార్జెస్’ అని ఉంది. దానికి మీరు ‘ఆయా, ఆమె తీసుకునే రుసుము’ అని రాశారు. ఆమె ఏమి బరువు మోస్తోందో ఇంకోసారి చూడండి. ఒకరిని చంకన ఎత్తుకుంది, ఇంకొకరి చేయి పట్టుకుంది. ‘ఆయా, ఆమె చూసుకునే పిల్లలు’ అని రాయండి.