చుక్కకు ఇల్లు వెతికేటప్పుడు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

కుక్కను పెంచుకునేవాళ్ళ కోసం వేస్తానని నువ్వు పంపిన ఫోటో చూశాను. చుక్క మెడలో ఎర్ర రిబ్బను, కింద "బంగారు తల్లికి మంచి ఇల్లు కావాలి" అని రాత. చదివితే ఎవరికైనా జాలి కలుగుతుంది. జాలిపడి తీసుకెళ్ళినవాళ్ళే వారం తిరక్కముందు కుక్కను తెచ్చి షెల్టర్ గేటు దగ్గర నిలబడతారు. పదిహేనేళ్ళుగా చూస్తున్నాను. కాబట్టి ముందు లోపాలు రాయి. వెనక ఎడమకాలు కుంటి అని రాయి. చీపురు కనిపిస్తే మంచం కింద దూరుతుందని, ఒంటరిగా వదిలితే తలుపు గోకుతుందని రాయి. ఇరవై ఫోన్లు వచ్చే చోట మూడే వస్తాయి. నీకు కావలసినవి ఆ మూడే.

నల్ల కుక్క అని కొందరు మొహం చిట్లిస్తారు. కాలభైరవుడి వాహనం కుక్కే కదా అని వాళ్ళతో వాదనకు దిగకు. వాదించి ఒప్పించిన ఇంట్లో కుక్కకు సుఖం ఉండదు. ఆడకుక్క వద్దనే వాళ్ళ భయానికి మాత్రం కారణం ఉంది. ఏడాదికి ఇంచుమించు రెండుసార్లు ఎదకు వస్తుంది, చూలు కట్టిన రెండు నెలలకే ఈనుతుంది. అందుకే ఆపరేషన్ చేయించకుండా ఎవరికీ ఇవ్వకు. "తరువాత మేమే చేయిస్తాం" అంటే నమ్మి ఒకసారి ఇచ్చాను. ఏడాది తిరిగేసరికి ఆ ఇంటి నుంచి అట్టపెట్టెలో ఐదు పిల్లలు నా గుమ్మానికి వచ్చాయి. రేబిస్ టీకా కార్డు, నులిపురుగుల మందు వేసిన తేదీ ఒక కవరులో పెట్టి కుక్కతోపాటే ఇవ్వు. ఆ టీకా ఏటా వేయించాలని నోటితో కూడా చెప్పు, కార్డు ఎవరూ చదవరు.

ఇల్లు చూడకుండా మాట ఇవ్వకు. చెప్పే వెళ్ళు, టీ ఇచ్చేదాకా కూర్చో. చూడవలసింది సోఫా కాదు. గేటు కింద సందు ఎంత, మేడ మీద పిట్టగోడ ఎంత ఎత్తు, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇవి చూడు. కుక్క కావాలని ఫోను చేసేది కాలేజీ కుర్రాడు, దానికి రోజూ అన్నం కలిపేది వాళ్ళ అమ్మ. ఆవిడ వంటింటి గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడి, "మీ ఇష్టం" అందంటే, టీ తాగి మర్యాదగా వచ్చేయి.

అద్దె ఇల్లైతే యజమాని ఒప్పుకున్నాడా అని అడుగు. అపార్ట్‌మెంటు సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. నిజమే. కానీ ఆ కాగితం పట్టుకుని లిఫ్టు దగ్గర రోజూ పోట్లాడే ఓపిక వాళ్ళకు ఉందో లేదో ముందే తెలుసుకో.

మరో మాట, దీపావళి దాటేదాకా ఇవ్వకు. ఒక గోధుమరంగు కుక్కను పండుగకు నాలుగు రోజుల ముందు ఇచ్చి నేను చేసిన తప్పు ఇంకా మరిచిపోలేదు. మొదటి టపాకాయకే గోడ దూకింది. కొత్త వీధి, ఎటు తిరిగి రావాలో దానికి ఏం తెలుసు? ఆరో రోజున రైతుబజారు వెనక, ఆగి ఉన్న లారీ కింద దొరికింది. పేరు పెట్టి పిలిస్తే తోక ఊపలేదు, నా చెప్పులు వాసన చూసి లేచింది.

తీసుకెళ్ళినవాళ్ళకు మూడు లెక్కలు చెప్పు. మూడు రోజులు బెదురు, మూడు వారాలకు అలవాటు, మూడు నెలలకు గానీ అది తన ఇల్లు అనుకోదు. మొదటి రోజు తిండి ముట్టకపోతే కంగారు పడవద్దను. చుట్టాలను పిలిచి చూపించవద్దను. కుదరకపోతే నీకే తిరిగి ఇస్తామని కాగితం మీద సంతకం తీసుకో. ఆకలిదప్పులకు వదిలేసి పోవడం 1960 నాటి చట్టం ప్రకారం నేరమని కూడా చెప్పు, నవ్వుతూనే చెప్పు. తిరిగి తెస్తే మాత్రం ఒక్క మాట అనకు. తిడతావని భయపడితే రోడ్డున వదిలేస్తారు.

శనివారం ఆ రెండో కుటుంబాన్ని చూడటానికి వెళ్తున్నావు కదా. ఇచ్చే రోజు వచ్చినప్పుడు చుక్క పడుకునే ఆ పాత నీలం దుప్పటి కూడా పంపు. మీ అమ్మ ఉతికి ఇస్తానంటుంది, ఉతకనివ్వకు.

పెద్దమ్మ