ముప్పై మంది పైలట్లా?

తమ్మీ,

నీ కథ అందింది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి ఫంక్షన్ హాల్, నౌకాదళ విమాన విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దమనుషుల కలయిక, ముప్పై కుర్చీలు, ముప్పై మంది పైలట్లు, అందరి చూపులూ ఆకాశం దిక్కే. వాక్యం బాగ నడుస్తది నీకు. కానీ ఇంతమంది పైలట్లు ఎక్కణ్ణుంచి వచ్చిన్రు?

నేవీ విమానాలంటే పైలట్లే అనుకోవడం, ఆర్టీసీ అంటే డ్రైవర్లే అనుకున్నట్టు. డిపోలో టైరు విప్పేటోడు, డీజిల్ పోసేటోడు, బ్రేకు చూసేటోడు లేకుంటే దేవరకొండ బస్సు కదలదు. ఓడ మీదినుంచి లేచే సీహాక్ విమానంలో సీటు ఒక్కటే. అలీజే విమానంలో ముగ్గురు. ఆ సీట్లు గాలిలోకి లేవాలంటే కింద ఇంజిన్ వాళ్లు, బాడీ వాళ్లు, కరెంటు వాళ్లు, రేడియో వాళ్లు, బాంబులు ఎక్కించేటోళ్లు, పారాచూట్ మడత పెట్టేటోళ్లు, విమానాన్ని నెట్టి జాగాకు తెచ్చే హ్యాండ్లర్లు ఉండాలె. ఇట్లాంటి కూటమికి వచ్చేటోళ్లలో ఎక్కువమంది వీళ్లే. నీ ముప్పై మందిలో ఇద్దరినో ముగ్గురినో పైలట్లుగ ఉంచి, మిగిలినవాళ్లకు తలా ఒక పని ఇయ్యి. పని తెలియని పాత్రకు మాట పుట్టదు.

ఒక్క పని విడమరిచి చెప్త. విమానాలను మోసే ఓడ పాత విక్రాంత్ మీద సీహాక్ ఎట్ల లేచేదంటే: డెక్ మీద, అంటే ఓడ పైభాగం మీద, కావలసినంత పరుగు తీసే జాగా లేదు కాబట్టి ఆవిరితో తోసే కాటపుల్ట్ ఉండేది. హ్యాండ్లర్లు విమానాన్ని దాని గాడి మీదికి సరిగ్గ తెస్తరు, మడిచిన రెక్కలు విప్పుకుంటయి. వెనక విమానాన్ని కదలకుండ పట్టి ఉంచే హోల్డ్‌బ్యాక్ తగిలిస్తరు. దాంట్లో కావాలని పెట్టిన బలహీనమైన ముక్క ఒకటి ఉంటది. ఇంజిన్ ఎంత గుంజినా అది ఆగుతది, కాటపుల్ట్ తోపు కూడా కలిసినప్పుడే తెగుతది. ముందు దిక్కు లావు వైరు తాడు, దాన్ని స్ట్రాప్ అంటరు, విమానం కింది కొక్కేలకూ గాడిలో ఉరికే షటిల్‌కూ తగిలించాలె. ఆ తగిలించేటోడు ఇంజిన్ మోగుతుండంగనే విమానం కిందికి వంగి పోయి రావాలె. సీహాక్ జెట్టు, ముందర పంకా లేదు. అలీజేకు ముక్కు మీదనే పంకా తిరుగుతుంటది. రెండిటి కింద పనిచేసిన మనిషికి ఆ తేడా నడుం వంపులో యాదికుంటది. నువ్వు రాసిన ‘విమానం రివ్వున ఎగిరింది’ అనే వాక్యం కింద ఇంత పని దాగి ఉన్నది.

ఇంకా ఉన్నది. ఆవిరి పీడనం విమానం బరువును బట్టి, డెక్ మీద వీచే గాలిని బట్టి పెట్టాలె. తక్కువైతే విమానం ఓడ ముందరనే నీళ్లలో పడ్తది. ఎక్కువైతే దాని బొక్కల మీద, అంటే చట్రం మీద, భారం పడ్తది. డెక్ మీది గాలి అంటే సముద్రపు గాలి ఒక్కటే కాదు, దానికి ఓడ వేగం కలుస్తది. అందుకే విమానం లేచేముందు ఓడను గాలికి ఎదురు తిప్పుతరు. 1971 పాకిస్తాన్ యుద్ధంలో విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగులు ఉండె, ఓడ పూర్తి వేగం అందుకోలేకపోయేది. చలికాలం, బంగాళాఖాతంలో గాలి మందం. యుద్ధం గురించి రాయాలనుకుంటే నీ దేశభక్తి పేరా తీసేసి, గాలి ఎప్పుడు లేస్తదా అని చూస్తున్న డెక్‌ను పెట్టు. పాఠకుడు తనంతట తానే ఊపిరి బిగబడ్తడు.

తారీఖుల కాడ మూడు తప్పులు దొర్లినయి. మొదటిది, నీ కథానాయకుడు 1971 డిసెంబర్ 4న విక్రాంత్ మీదినుంచి కరాచీని కొట్టిన అంటడు. కరాచీని కొట్టింది క్షిపణి పడవలు, పడమటి దిక్కున. విక్రాంత్ తూర్పున ఉన్నది. అదే రోజు దాని సీహాక్‌లు కాక్స్ బజార్ మీద దాడి చేసినయి. పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మునిగింది విశాఖ ముంగిట్లో, 3, 4 తేదీల నడిమి రాత్రి. ఈ మూడూ కలిపి ఒకే ముచ్చటగ చెప్పేటోళ్లు మస్తుమంది. నువ్వు కలపకు. రెండోది, ఆయనకు అరవై రెండేండ్లని రాసినవు. లెక్క వేసుకో, ఆ యుద్ధం నాటికి ఆయన నిక్కర్ వేసుకొని బడికి పోతుంటడు. అప్పుడు ఇరవై ఏండ్లున్న మనిషికి ఇప్పుడు డెబ్భై అయిదు దగ్గర. మూడోది, అదే డెక్ మీద సీ హ్యారియర్ జెట్టును నిలబెట్టినవు. అది మన దేశానికి వచ్చిందే 1983లో.

విక్రాంత్ అని ఒక్క పేరు రాసి ఊకోకు. 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో మన నేవీలో చేరిన ఓడకు కాటపుల్ట్ ఉన్నది. తర్వాత మరమ్మతుల్లో దాన్ని తీసేసి ముందు భాగాన్ని పైకి లేపి స్కీ జంప్ కట్టిన్రు. అంటే ఒకే బల్ల కాడ కూర్చున్న ఇద్దరు ‘మన విక్రాంత్’ అనుకుంట రెండు వేరే ఓడల గురించి మాట్లాడొచ్చు. వాళ్ల వాదన అక్కడనే మొదలైతది, నీకు సంభాషణ దొరికేది కూడా అక్కడనే. అది 1997 జనవరిలో సెలవు తీసుకున్నది, 2014లో ముంబైలో విరగ్గొట్టిన్రు. ఆ ఇనుములో కొంత బజాజ్ వాళ్లు కొని వి అనే మోటార్‌సైకిల్‌లో వాడిన్రు. 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో చేరిన విక్రాంత్ కొత్తది, పేరు మాత్రమే పాతది. నీ ఫంక్షన్ హాల్ ముందు ఏ మనుమడిదో వి బండి ఒకటి నిలబెట్టు. దాని ట్యాంకు మీద ముసలి చెయ్యి వేయిస్తవో లేదో నీ ఇష్టం. నేనైతే బండిని నిలబెట్టి ఊకుంట.

‘డేగ అనే నౌక కెరటాలను చీల్చుకుంటూ’ అని రాసినవు. ఐఎన్ఎస్ డేగ విశాఖలో నేల మీద ఉన్న విమాన కేంద్రం. ఒడ్డున ఉన్న స్థావరాలకు కూడా నేవీ ఐఎన్ఎస్ (ఇండియన్ నేవల్ షిప్) అనే పెడ్తది. కొచ్చిలో గరుడ (1953 మే 11న మొదలైంది), గోవాలో హంస, అరక్కోణంలో రాజాలి, మన విశాఖలో అచ్చ తెలుగు డేగ. అన్నీ పిట్టల పేర్లే.

ఇగ మనుషుల కాడికి వద్దాం. డెక్ మీద ఏండ్ల తరబడి జెట్ల మోత విన్న చెవులు ముందుగ సన్నటి ధ్వనులను పోగొట్టుకుంటయి. స, శ, ఫ లాంటివి వినబడవు, మాటలోని అచ్చులు వినబడ్తయి. కాబట్టి వాళ్లకు నువ్వు మాట్లాడినట్టు తెలుస్తది, ఏమన్నవో తెలువది. అరిచి లాభం లేదు, అరుపు ఇంకింత చెదురుతది. ఎదురుంగ కూర్చొని, నీ మొఖం మీద వెలుతురు పడేటట్టు చూసుకొని, గొంతు తగ్గించి మెల్లగ అడుగు. సౌండ్ బాక్సుల కాడ వినికిడి మిషన్ పెట్టుకున్నోళ్లు దాన్ని తీసి జేబులో వేసుకుంటరు, అప్పుడు ఏం అడిగినా నవ్వుతరు. ఆ నవ్వును చూసి ‘గతాన్ని తలచుకొని చిరునవ్వు నవ్విండు’ అని రాసినవు సుమా. బయట చెట్టు కిందికి పిలుచుకపో. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి (వాళ్ల ముందట ఈ మాట అంటే ఒక జోకు తప్పదు) మూరెడు దూరంలో రికార్డింగ్‌కు ఉంచు. అరగంటకు మించి కూర్చోబెట్టకు.

‘అప్పుడు మీకెట్ల అనిపించింది?’ అని అడిగితే ‘గర్వంగ’ అంటరు, అక్కడికి ముచ్చట అయిపోయింది. పొద్దున లేచి మొట్టమొదట ఏం ముట్టుకునేటోళ్లని అడుగు. జేబులో ఏముండేదని అడుగు. వదులుగ ఉన్న వస్తువు డెక్ మీదికి తీసుకపోవద్దు. ఒక నట్టు ఇంజిన్ లోపలికి పీల్చుకపోతే బ్లేడ్లు విరుగుతయి. వరుసగ నిలబడి డెక్ అంతా నడుచుకుంట ముక్క ముక్క ఏరేది ఎవరని అడుగు. ఒక్క స్క్రూడ్రైవర్ లెక్క తగ్గితే ఏమయ్యేదని అడుగు, అది దొరికేదాక ఆ విమానం లేవది. ఉప్పు గాలికి తుప్పు పట్టకుండ మంచినీళ్లతో కడిగేది ఎప్పుడని అడుగు. ఓడలో మంచినీళ్లకు కరువు, పాలమూరోళ్లకు ఆ మాట వేరే చెప్పాల్నా?

డెక్ మీద మాట వినబడది, అంతా చేతి సైగలే. మాటల కన్నా చేతులను చూడు. కూటమికి వచ్చిన కార్లలో ఒకదాన్ని వెనక్కి తీయిస్తున్న హ్యాండ్లర్‌ను గమనించు. రెండు చేతులూ భుజాల మీదికి లేపి, అరచేతులు తన దిక్కు తిప్పి, డ్రైవర్‌కు కనబడేటట్టు పక్కకు జరిగి నిలబడ్తడు. కారు వెనకాల ఎప్పుడూ నిలబడడు.

పిలుపులు కూడా సరిచెయ్యి. ఎనభై ఏండ్ల నావికుడు అరవై అయిదేండ్ల ఆఫీసర్‌ను ‘సార్’ అనే అంటడు. వాళ్లలో వాళ్లు చీఫ్, మాస్టర్ చీఫ్ అని హోదాతో పిలుచుకుంటరు, లేకుంటే అడ్డపేర్లు. భాష సగం హిందీ, ఇంటామె పక్కన కూర్చోంగనే నల్లగొండ తెలుగు. విందును బడా ఖానా అంటరు. ముచ్చట్లు నీ కథలో లెక్క యుద్ధం మీదనే తిరగవు: స్పర్శ్‌లో (ఫౌజోళ్ల పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థ) పెన్షన్, నవంబర్‌లో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్, వేలిముద్ర పడకపోవుడు, మోకాళ్లు. మోకాళ్లనంగనే ఫ్లోరైడ్ ఎక్కించకు. ప్రతి నల్లగొండ కథకూ ఆ బరువు మోయించే అలవాటు మనకు ఎక్కువైంది.

గ్రూప్ ఫోటో దొరికితే ముందుగ వెనక్కి తిప్పి చూడు. వెనక రాత లేకుంటే ఇద్దరిని వేరువేరుగ కూర్చోబెట్టి, ముందు వరుస నుంచి, ఎడమ నుంచి కుడికి పేర్లు చెప్పించు. కలిసి చెప్తే గట్టిగ మాట్లాడేటోడి యాదినే ఇద్దరి యాది అయితది. రెండు పట్టీలు కలవని మొఖం ఒకటన్నా ఉంటది. నీ కథ అతనిదే కావొచ్చు. పైలట్ల లాగ్‌బుక్‌లో తేదీ, విమానం నంబర్, ఎగిరిన గంటలు ఉంటయి, ఎవరి యాదినైనా దానితో సరిచూసుకో. సర్వీస్ నంబర్లున్న కాయితాలను మాత్రం అచ్చుకు పంపకు.

మౌనం పాటించే సన్నివేశంలో బ్యూగిల్ తీసెయ్యి. పేర్ల పట్టీ చదవనియ్యి, చాలు.

నాగార్జునసాగర్ లాంచీ అధ్యాయం ఉంచు. అందులోనే నీ చెయ్యి తిరిగింది. కానీ వాళ్లను రెయిలింగ్ కాడ నిలబెట్టి నిట్టూర్పులు విడిపించినవు. ఎక్కంగనే వాళ్లు ఇంజిన్ చప్పుడు వింటరు, లైఫ్ జాకెట్లు లెక్కబెడ్తరు, తాడు ఎట్ల కట్టిన్రో చూసి సరంగుకు సలహా చెప్తరు. ఆయన విసుక్కుంటడు.

మళ్ల రాసేముందు విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కు, నల్లగొండలోనే ఆగుతది. విశాఖ బీచ్ రోడ్డు మీద నేవీ పెద్ద విమానం టియు-142 ఉన్నది, 2017లో రిటైరైంది. పొట్ట కిందికి పోయి తలెత్తి చూడు, నీ మెకానిక్కులకు కనబడింది ఆ దిక్కే. రెండో ప్రతి పంపేటప్పుడు కాయితం ఎడమ దిక్కు రెండు వేళ్ల జాగా వదులు, పోయినసారి నేను రాయడానికి చోటు దొరకలే.

నీ అన్న