పద్నాలుగో వచనం దాటేశావు

తమ్ముడూ, వందనాలు.

తొమ్మిది పేజీల ప్రసంగం అందింది. చేతిరాత బాగుంది. పతనం, పశ్చాత్తాపం, పునరుద్ధరణ అని మూడు పాయింట్లు పెట్టావు, మూడూ 'ప'తోనే మొదలు. ఈ జబ్బు నాకూ ఉండేది. ఒకసారి 'క'తో ఐదు పాయింట్లు కుదర్చాలని రాత్రంతా కూర్చున్నాను. ఐదోది దొరికేసరికి కోడి కూసింది. పొద్దున పుల్పిట్ ఎక్కి ఐదూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. దిగాక ఒక్కరికీ ఒక్కటీ గుర్తులేదు, నాకు సహా.

పాయింట్ల సంగతి వదిలెయ్. తండ్రి ఆస్తిలో వాటా పట్టుకుని ఊరు విడిచి, అంతా పోగొట్టుకుని తిరిగొచ్చిన తప్పిపోయిన కుమారుడి ఉపమానం మీద తొమ్మిది పేజీలు రాసి, కరవు గురించి ఒక్క ముక్క రాయకపోవడమే నాకు కోపం తెప్పించింది. లూకా 15వ అధ్యాయం తీయి. 13వ వచనంలో వాడు ఆస్తి పాడుచేశాడు. దాని మీద నాలుగు పేజీలు రాశావు, తాగుడు, పేకాట, సెల్‌ఫోన్ అన్నీ వచ్చాయి. 14వ వచనంలో 'ఆ దేశమందు గొప్ప కరవు రాగా' అని ఉంది. దాని మీదుగా ఎగిరి నేరుగా వాడు మేపిన పందుల దగ్గర దిగావు. వాన ఎగ్గొట్టడం ఎరగని దేశంలో కూర్చుని రాసేవాడు దాన్ని దాటేస్తే సరే అనుకుంటాను. పాలమూరు పాస్టరు దాటేస్తాడా? నువ్వున్నది కోస్గి పక్కన. దసరా పోగానే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ముసలివాళ్లనూ బడి పిల్లలనూ ఇంటి దగ్గర వదిలి బొంబాయి బస్సెక్కే ఊళ్లవి. ముందు వరుసలో చాప మీద కూర్చున్న తల్లికి నీ నాలుగు పేజీలు ఏమని వినిపిస్తాయి? ఊరు విడిచినవాడు చెడిపోయినవాడు అనే కదా. చిన్నకొడుకు తప్పు చేయలేదని చెప్పమనడం లేదు. తప్పూ చెప్పు, కరవూ చెప్పు. పందులు తినే పొట్టుతో కడుపు నింపుకోవాలనుకున్నాడంటే ఆ వినేవాళ్లకు నీ వివరణ అక్కర్లేదు.

ఇక ఆ లండన్ కోటీశ్వరుడి కొడుకు కథ. ఫోన్‌లో దొరికింది కదూ? తీసెయ్.

నేను నీకంటే ఘోరమైన పని చేశాను. 1983లో మర్రిగూడ వైపు ఒక పల్లెలో కొత్తగా కాపరిగా చేరాను. లూకా 13లో పద్దెనిమిదేళ్లు నడుము వంగిపోయిన స్త్రీ మీద ప్రసంగించాను. గొంతు బొంగురు చేసుకుని, 'విశ్వాసముంటే నీ నడుమూ ఈ రోజే లేస్తుంది' అని అరిచాను. నా ఎదురుగా కూర్చున్నవాళ్లలో నిటారుగా ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ నేలలోని బండల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలో కలుస్తుంది, ఎముకల్లో పేరుకుంటుంది. మెడ తిరగదు, మోకాళ్లు వంకరపోతాయి, నడుము వంగిపోతుంది. బడికి పోయే పిల్లల పళ్లు కూడా గారపట్టి ఉండేవి. ఆరాధన అయ్యాక ఒక ముసలమ్మ కర్ర ఊతంతో వచ్చి, తల పైకెత్తలేక నా చెప్పుల వైపే చూస్తూ అడిగింది: 'ఆమె ఏ బాయి నీళ్లు తాగిందయ్యా?'

నా దగ్గర జవాబు లేదు. ఆమె మరో నెల దాకా గుడికి రాలేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటుంది, దాని పేరే నల్గొండ టెక్నిక్. మన జిల్లా పేరు పెట్టుకున్న ఆ పద్ధతి నాకు తెలియదు, రోగులు బాగవుదామని కాచుకున్న బైబిల్లోని బెతెస్ద కోనేటి గురించి మాత్రం గంటసేపు మాట్లాడగలను. తర్వాత నేర్చుకున్నాను. గుడి వరండాలో బకెట్ పెట్టి చూపించాను. ఆ ముసలమ్మ వచ్చి చూసింది, నవ్వింది, 'నాకు ఆలస్యమైంది, పిల్లలకు పెట్టు' అంది.

ఈ సంగతి రాసి ఒక క్రైస్తవ మాసపత్రికకు పంపాను. సంపాదకుడు 'బాయి'ని 'బావి' చేశాడు, 'గొంగడి'ని 'కంబళి' చేశాడు, 'సద్ది'ని 'భోజనము' చేశాడు. చివరికి ముసలమ్మ ప్రశ్ననే కొట్టేశాడు, విశ్వాసాన్ని బలహీనపరుస్తుందట! దాని స్థానంలో హల్లెలూయ పెట్టాడు. ఇప్పుడు ఆ పని కీబోర్డు చేస్తున్నది. పాస్టరుకు మాట తోచనప్పుడల్లా వెనక నుంచి మెల్లగా రాగం అందుకుంటారు, జనం కన్నీళ్లు తుడుచుకుంటారు. నీ గుడికి కీబోర్డు కొనాలా అని అడిగావు. నీ ఇష్టం.

నేను చెప్పేది ఒక్కటే. శనివారం ఇళ్లకు పోకుండా ఆదివారం ప్రసంగం రాయకు. 1890లో అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో మిషన్ మొదలుపెట్టినప్పుడైనా, తర్వాత మెనొనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి వచ్చినప్పుడైనా, వాక్యం గడపలు దాటి లోపలికి పోయింది ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పిన బైబిల్ స్త్రీల కాళ్ల మీద. వాళ్లు పొయ్యి పక్కన కూర్చునేవారు. మైకు లేదు. ఇంట్లో ఎట్లా మాట్లాడతావో గుడిలో అట్లాగే మాట్లాడు. 'కావున ప్రియులారా' అని పుస్తకాల భాష ఎందుకు నీకు?

ఆరాధన మధ్యలో ముసలమ్మల ఫోన్లు మోగుతున్నాయి, ఎట్లా ఆపాలి అని రాశావు. ఒకామె కొంగుకు ఫోన్ కట్టుకుని వస్తుందని, ప్రార్థనలోనూ దాని వైపే చూస్తుందని విసుక్కున్నావు. ఆమె కొడుకు బొంబాయిలో మట్టి పని చేస్తాడని కూడా నువ్వే రాశావు. ఆదివారమైనా వాళ్లకు పనే. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడే ఫోన్ చేయగలడు, నీ ఆరాధనేమో రెండింటి దాకా సాగుతుంది. 'వాడింక దూరముగా ఉన్నప్పుడు తండ్రి వానిని చూచి' అని ఉంది కదా 20వ వచనంలో. రోజూ దారి వైపు చూస్తూ కూర్చోనివాడికి దూరంగా ఉన్న మనిషి ఎట్లా కనబడతాడు? నీ గుడిలో ఆ దారి చూస్తున్నది ఆమె. ఫోన్ మోగనీ. వచ్చే శనివారం ఆమె ఇంటికి పో, కొడుకు ఏం మాట్లాడతాడో అడుగు. తొమ్మిది పేజీలు ఇక్కడే పెట్టి పో.

ఇంకొక మాట. పాస్టరమ్మ పత్తి ఏరడానికి కూలికి పోతున్నదని, సంఘం ముందు తలవంపుగా ఉందని రాశావు. సంఘం కానుకగా ఇచ్చే పిడికెడు బియ్యంతో ఇల్లు గడవదని నాకు తెలుసు. మీ వదిన దేవరకొండలో పదకొండేళ్లు పల్లి చేలల్లో కలుపు తీసింది. ఎవరింట్లో అప్పు, ఎవరి వీపు మీద దెబ్బ, ఎవరి బిడ్డ పుట్టింటికి వచ్చేసింది, పాస్టరుకు చెప్పనివన్నీ సాళ్ల మధ్య ఆమెకు చెప్పేవారు. నా ప్రసంగాల్లో సగం అక్కడివే. ఆ మాట నేను పుల్పిట్ మీద ఏనాడూ చెప్పలేదు.

ఈసారి రాసింది ముందు నాకు పంపకు. రాత్రి అన్నాలయ్యాక పాస్టరమ్మకు చదివి వినిపించు. ఆమె ఎక్కడ ఆవులిస్తే అక్కడ కొట్టేసి, అప్పుడు పంపు.

నీ అన్న,
దేవరకొండ