పాఠకుల ప్రశ్నలు: తారలు, పిల్లల సేవాసంస్థలు

ప్రశ్న: సినీతారలు, క్రికెటర్లు యునిసెఫ్ (ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ) వంటి సంస్థలకు గుడ్‌విల్ అంబాసిడర్లుగా, అంటే వాటి తరఫున ప్రచారం చేసే రాయబారులుగా ఉంటున్నారు. అందుకు వారికి పారితోషికం ముడుతుందా? దానివల్ల పిల్లలకు ఒరిగేది ఏమైనా ఉందా, అంతా వారి ప్రచారం కోసమేనా? తరగతిలో విద్యార్థులు అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను.
– ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: డబ్బు సంగతి ముందు చెప్పుకుందాం. యునిసెఫ్ తన రాయబారులకు జీతం ఇవ్వదు. నటి ఆడ్రీ హెప్‌బర్న్‌కు ఏడాదికి ఒక్క డాలరు లాంఛనంగా ఇచ్చేవారు, ప్రయాణ ఖర్చులు భరించేవారు. ఈ సంప్రదాయానికి ఆద్యుడు హాలీవుడ్ హాస్యనటుడు డానీ కే. 1954లో యునిసెఫ్ కోరగా ఆయన మన దేశంతో సహా పలు ఆసియా దేశాలు తిరిగి, అక్కడి పిల్లల ఆరోగ్య స్థితిని చిత్రీకరించి ప్రపంచానికి చూపించారు. 1987లో కన్నుమూసేవరకు ఆ బాధ్యతను ఆయన వదలలేదు.

హెప్‌బర్న్ జీవితం మీ విద్యార్థులకు తప్పక చెప్పదగినది. 1944-45 శీతాకాలంలో జర్మన్ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో తిండికి అలమటించిన లక్షల మందిలో ఆమె కూడా ఒకరు. యుద్ధం ముగిశాక అంతర్జాతీయ సహాయ సామగ్రి అందుకున్న బాలిక. అందుకే 1988లో యునిసెఫ్ తరఫున కరవుతో కుంగిపోయిన ఇథియోపియాకు వెళ్లినప్పుడు ఆకలి ఆమెకు పరాయి విషయం కాదు. తర్వాత బంగ్లాదేశ్, వియత్నాం వెళ్లారు, అమెరికా కాంగ్రెస్ ఎదుట పిల్లల తరఫున మాట్లాడారు, 1992 సెప్టెంబరులో సోమాలియాలో పర్యటించారు. అక్కడి నుంచి వచ్చిన నాలుగు నెలలకే, 1993 జనవరి 20న, క్యాన్సర్‌తో మరణించారు. ఇలా పనిచేసిన వ్యక్తిని ప్రచారం కోసం వచ్చారనడం అన్యాయం. అయితే పేరు మాత్రం ఇచ్చి, ఒక ఫొటో దిగి ఊరుకునే రాయబారులూ ఉంటారు కనుక మీ విద్యార్థుల సందేహం సహేతుకమే.

పిల్లలకు ఒరిగిందేమిటో చెప్పడానికి మన దేశపు పోలియో పోరాటాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. పల్స్ పోలియో 1995లో మొదలైంది. ‘నిండు జీవితానికి రెండు చుక్కలు’ అన్న మాట మన ఊళ్లలో వినని తల్లి ఉండదు. కానీ ఉత్తరప్రదేశ్, బిహార్‌లలో ఎన్ని విడతలు చుక్కలు వేసినా వ్యాధి తగ్గలేదు. ఆ మందు వేస్తే పిల్లలకు పెద్దయ్యాక సంతానం కలగదన్న వదంతి కొన్ని ప్రాంతాల్లో బలంగా పాకింది. 2002 నుంచి అమితాబ్ బచ్చన్ ఈ ప్రచారానికి ముందు నిలిచారు. ఆయన ప్రకటనల్లో బతిమాలడమే కాదు, పెద్దదిక్కులా గట్టిగా కోప్పడటమూ ఉండేది. ఆయనకు కోపం వచ్చిందని బిడ్డలను పోలియో కేంద్రాలకు ఎత్తుకొచ్చిన తల్లులు ఉన్నారని తర్వాతి కాలంలో చెప్పుకునేవారు.

అయినా తలుపు మూసుకున్న ఇంటి ముందుకు వెళ్లి నిలబడింది ఆయన కాదు. వదంతిని నమ్మిన కుటుంబంతో గంటల తరబడి మాట్లాడినది అదే వాడకు చెందిన మహిళా కార్యకర్తలు. వారికి తోడు నిలిచినది స్థానిక వైద్యులు, మత పెద్దలు. బిడ్డ ఎడమచేతి చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టడం, చుక్కలు వేయని పిల్లలున్న ఇంటి గోడపై సుద్దతో ‘ఎక్స్’ రాసి మళ్లీ ఆ గడప తొక్కడం వారి పని. 2010లో మరింత సమర్థమైన కొత్త రకం చుక్కల మందు కూడా వచ్చింది. 2009లో 741గా ఉన్న పోలియో కేసులు 2010లో 42కు, 2011లో ఒక్కదానికి తగ్గాయి. ఆ చివరి కేసు పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డా ప్రాంతంలో 2011 జనవరి 13న నమోదైంది. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో రహిత ధ్రువీకరణ లభించింది.

కనుక మీ విద్యార్థులతో ఇలా చెప్పండి: తార మాటను జనం చెవిన పెడతారు, అది నిజమైన మేలే, కానీ ఆ మాట విని బయలుదేరిన తల్లికి కేంద్రంలో మందు, మందు వేసే మనిషి సిద్ధంగా లేకపోతే ఆ మేలు అక్కడే ఆగిపోతుంది. మీ ఊరి ఆశా కార్యకర్తను ఒకసారి తరగతికి పిలిచి, చుక్కలు వేయించని ఇళ్లకు వెళ్లిన అనుభవాలను చెప్పించగలిగితే ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: ఒక ప్రముఖ నటుడి ఫొటో ఉన్న విరాళాల ప్రకటన వాట్సాప్‌లో వచ్చింది. నమ్మి డబ్బు పంపవచ్చా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఫొటో చూసి పంపవద్దు. ఆ ప్రకటనలోని లింకును నొక్కకుండా సంస్థ వెబ్‌సైట్ చిరునామాను మీరే టైపు చేసి, ఆ నటుడు తమ రాయబారి అని సంస్థ అక్కడ చెప్పిందో లేదో చూడండి. స్వచ్ఛంద సంస్థల వివరాల కోసం నీతి ఆయోగ్ నిర్వహించే దర్పణ్ పోర్టల్‌లో నమోదు, ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు, గత సంవత్సరాల వార్షిక నివేదికలు పరిశీలించండి. పిల్లల దైన్యాన్ని దగ్గరి నుంచి చూపించే ఫొటోలే తప్ప చేసిన పని వివరాలు లేని సంస్థకు నేనైతే ఇవ్వను. వ్యక్తిగత ఖాతాకు లేదా వ్యక్తిగత ఫోన్ నంబరుకు డబ్బు పంపమంటే అక్కడితో ఆగిపోండి. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.