ఊరందరికీ ఆకాశం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా వీధి కుర్రాళ్లందరం చందాలేసుకుని 6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు కొన్నాం. ఊళ్లో అందరికీ ఉచితంగా చూపిద్దామని ఉంది. ఏ నెలలో పెట్టుకోవాలి? పౌర్ణమి నాడైతే బాగుంటుందని పెద్దవాళ్లు అంటున్నారు.
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: పౌర్ణమి మాత్రం వద్దు. ఆ రోజు చంద్రుడి మీద ఎండ మనవైపు నుంచి తిన్నగా పడుతుంది కాబట్టి అక్కడి కొండలకు, గుంటలకు నీడ కనబడదు. నీడ లేని గుంట గుంటలా ఉండదు. సున్నం కొట్టిన పళ్లెం చూసినట్టు ఉంటుంది, పైగా కళ్లు జిగేల్‌మంటాయి.

గోడకున్న పంచాంగం క్యాలెండరు తీసి, శుక్ల సప్తమి నుంచి దశమి లోపల శనివారం ఎప్పుడు పడుతుందో చూడండి. అష్టమి నాడు పొద్దుగూకే వేళకే చంద్రుడు నడినెత్తిన ఉంటాడు, అర్ధరాత్రి ప్రాంతంలో దిగిపోతాడు. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి గుంటల అంచులు చెక్కినట్టు కనబడతాయి. తదియ, చవితి నాటి నెలవంక అందంగానే ఉంటుంది గానీ, మీరు మైకు సర్దుకునేలోపు పడమటికి వాలిపోతుంది.

నెల సంగతికొస్తే, మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బును నమ్మలేం. సంక్రాంతి వెళ్లాక ఏప్రిల్ చివరి దాకా మీ కాలం. మార్చిలో మాత్రం పదో తరగతి పరీక్షల తేదీలు చూసుకోండి. బడి ఆవరణ దొరకదు, పిల్లల్ని ఇంట్లోవాళ్లు పంపరు. కరపత్రంలోనే రెండో తేదీ కూడా అచ్చు వేయించండి. మబ్బు పట్టాక ఫోన్లు చేసి చెప్పడం అయ్యే పని కాదు.

ప్రశ్న: మా బడిలో పెట్టినప్పుడు రెండొందల మందికి పైగా వచ్చారు. గంటకు పాతికమంది కూడా చూడలేదు. పిలకాయలు విసుగొచ్చి వెళ్లిపోయారు. ఎక్కడ తప్పు జరిగింది?
– ఒక ఉపాధ్యాయిని, పుత్తూరు

జవాబు: మీరు వాడిన కంటికటకం (కన్ను ఆనించి చూసే ఐపీస్) ఏదో రాయలేదు. 10 మిల్లీమీటర్లది పెట్టి ఉంటారని మా అనుమానం. ‘ఎంత పెద్దగా కనబడితే అంత మంచిది’ అనుకోవడం అందరూ చేసే పొరపాటే.

1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న 6 అంగుళాల టెలిస్కోపుకు 25 మిల్లీమీటర్ల కటకం పెడితే 48 రెట్లు. ఒకేసారి కనబడే మేర సుమారు ఒక డిగ్రీ, చంద్రుడు అందులో సగం. భూమి తిరగడం వల్ల ఆకాశం నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతుంది. అంటే ఒకసారి గురిపెడితే ఇద్దరు ముగ్గురు నింపాదిగా చూడొచ్చు. 10 మిల్లీమీటర్లది పెడితే 120 రెట్లు, మేర అర డిగ్రీ కంటే తక్కువ. రెండు నిమిషాలు కాకముందే వస్తువు పక్కకు జారిపోతుంది. ఒకరు మెట్టెక్కి కన్ను ఆనించేలోపు సగం పోయినట్టే. చంద్రుడికి 25 చాలు. శనికి, గురుడికి 10 పెట్టి, పక్కన ఒక మనిషిని గొట్టం సరిచేయడానికే నిలబెట్టండి.

మనిషికి 45 సెకన్లు లెక్కేస్తే గంటకు 80 మంది. రెండొందల మందికి ఒక్క టెలిస్కోపుతో రెండున్నర గంటలు, అదీ ఎక్కడా ఆగకుండా నడిస్తేనే. కనీసం రెండు కావాలి. ఒకటి చంద్రుడి మీద, ఇంకొకటి గ్రహం మీద. వరుసలు రెండూ వేరు వేరుగా ఉండాలి. ఒకే వరుసను మధ్యలో చీల్చితే తోపులాటే.

చీకట్లో ఎవరైనా ముందు చేత్తో కటకాన్ని పట్టుకుంటారు. గొట్టం కదిలిపోతుంది, మళ్లీ మొదటికి. అందుకే కటకం పక్కన వీపున్న కుర్చీ ఒకటి వేసి ‘ఈ కుర్చీ పట్టుకోండి’ అనండి. చేతులకు పని దొరికితే టెలిస్కోపు జోలికి పోవు. పిల్లలకు కదలని ముక్కాలిపీట ఒకటి ఉంచండి, ప్లాస్టిక్ స్టూలు వద్దు.

‘అంతా నల్లగా ఉంది’ అంటే పదింట తొమ్మిదిసార్లు కన్ను సరైన దూరంలో లేదని అర్థం. బొటనవేలి మందమంత ఎడం ఉంచి మెల్లగా దగ్గరకు రమ్మనండి. దగ్గరచూపుకో దూరపుచూపుకో మాత్రమే అద్దాలు పెట్టుకునేవాళ్లు వాటిని తీసేసి ఫోకస్ తిప్పుకోవచ్చు; సిలిండర్ పవర్ ఎక్కువున్నవాళ్లు పెట్టుకునే చూడాలి. ఇంకో సంగతి: చాలామంది ఏమీ కనబడకపోయినా మొహమాటానికి తలూపి పోతారు. ‘బాగుందా?’ అని అడగకండి. ‘గుంటలు ఏ పక్కన ఉన్నాయి?’ అని అడిగితే నిజం తెలిసిపోతుంది.

టెలిస్కోపును ముప్పావు గంట ముందే బయట పెట్టండి. గదిలో వేడెక్కిన అద్దం చల్లబడేదాకా బొమ్మ నీళ్లలో ఆడినట్టు ఊగుతుంది. గురిగొట్టాన్ని (టెలిస్కోపు మీదుండే చిన్న ఫైండర్‌ను) పొద్దుండగానే దూరంలోని సెల్ టవర్ మీద సరిచేసుకోండి.

ప్రశ్న: నాది ఈక్వటోరియల్ మౌంట్ (భూమి తిరుగుడుకు తగ్గట్టు టెలిస్కోపును తిప్పే స్టాండు). ధ్రువ నక్షత్రానికి గురిపెట్టమని పుస్తకంలో ఉంది. మా మిద్దె మీద నుంచి అది అగుపడనే అగుపడదు.
– ఒక పాఠకుడు, కపిలతీర్థం దగ్గర, తిరుపతి

జవాబు: మీ తప్పేం లేదు, కొండ అడ్డం. ధ్రువ నక్షత్రం మన దేశంలో ఎక్కడైనా దాదాపు ఆ ఊరి అక్షాంశమంత ఎత్తులోనే ఉంటుంది, తిరుపతిలో సుమారు 13.6 డిగ్రీలు. మీకు ఉత్తరాన కొండ అంచు రెండు కిలోమీటర్ల దూరంలో 700 మీటర్లు లేచి ఉందనుకుంటే, దాని ఎత్తే 19 డిగ్రీలవుతుంది. చుక్క దాని వెనకాలే ఉండిపోతుంది. దిక్సూచితో ఉత్తరం చూసుకోండి. అయస్కాంతపు ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన దగ్గర తేడా రెండు డిగ్రీల లోపే. స్టాండు ఇనుముకు దూరంగా నిలబడి చూస్తేనే ముల్లు నిజం చెబుతుంది. మౌంటు స్కేలు 13.6 దగ్గర పెట్టి, ఫోనులోని వాలు కొలిచే యాప్‌తో ఒకసారి సరిచూడండి. జనానికి చూపించడానికి ఇది చాలు, ఫొటోలకు చాలదు. అంత తక్కువ అక్షాంశంలో ఎదురుబరువు కడ్డీ స్టాండు కాలికి తగలొచ్చు. పగలే తిప్పి చూసుకోండి.

ప్రశ్న: చుక్కలు చూపించడానికి ఆకుపచ్చ లేజర్ వాడొచ్చా?
– ఒక విద్యార్థి, రేణిగుంట

జవాబు: మీ ఊళ్లో అసలే వద్దు, విమానాశ్రయం పక్కనే ఉంది. విమానం నడిపేవాళ్ల కళ్లలో పడితే ఆ వెలుగు క్షణంలో చూపు కమ్మేస్తుంది. పొడవాటి వెదురుకర్ర పట్టుకుని, చూసేవాళ్ల భుజం పక్క నుంచి చూపించండి. ఏప్రిల్, మే రాత్రుల్లో అరుంధతీ వశిష్ఠులను అలాగే చూపించవచ్చు. పెళ్లిలో తలూపిన వాళ్లంతా ఆ రోజే మొదటిసారి నిజంగా చూస్తారు.

ప్రశ్న: టెలిస్కోపు లేకుండా, డబ్బు ఖర్చు లేకుండా చేయగలిగిందేమైనా ఉందా?
– గ్రంథాలయ పాఠకులు, చిత్తూరు

జవాబు: ఉంది, అదీ పట్టపగలు. సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో అది ఏప్రిల్ 25, 26 తేదీల్లోనూ, మళ్లీ ఆగస్టు 16 నుంచి 18 లోపలా. ఆ క్షణంలో నిటారుగా ఉన్న వస్తువుకు పక్కన నీడ పడదు. ఆగస్టులో మబ్బుండొచ్చు, ఏప్రిల్‌నే నమ్ముకోండి.

సరిగ్గా పన్నెండు గంటలకు చూసి ‘నీడ ఉందే!’ అని నిరాశపడకండి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం ఉన్నది 79 డిగ్రీల పైచిలుకులో. అందుకే అసలు మధ్యాహ్నం ఏప్రిల్ చివర్లో 12 గంటల 10 నిమిషాల ప్రాంతంలో, ఆగస్టు మధ్యలో 12 గంటల 16 నిమిషాల ప్రాంతంలో వస్తుంది. 11:50కే మొదలుపెట్టి, ఐదేసి నిమిషాలకు నీడ కొసను సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. పిల్లలకు ఆ గీత కురచబడటమే అసలు వినోదం.

కావలసింది 30 సెంటీమీటర్ల పీవీసీ గొట్టం ముక్క, చదునైన బల్ల, మేస్త్రీల రసమట్టం, తూకం గుండు. ఈ చివరి రెండే ముఖ్యం. గొట్టం ఒక్క డిగ్రీ ఒరిగినా 5 మిల్లీమీటర్ల నీడ పడుతుంది, చూసేవాళ్లు ‘అంతా ఉత్తదే’ అంటారు. రసమట్టం దొరక్కపోతే పళ్లెంలో నీళ్లు పోసి బల్ల వాటం చూసుకోవచ్చు. ఎవరినీ తలెత్తి సూర్యుణ్ణి చూడనివ్వకండి. చూడాల్సింది నేల మీదే. మజ్జిగ, తలకు తుండుగుడ్డలు మర్చిపోకండి, ఏప్రిల్ చివర్లో చిత్తూరు ఎండ సంగతి మీకు మేం చెప్పక్కర్లేదు.