గుడిలో హెల్త్ ఫెయిర్ పెడితే అమ్మానాన్నలను తీసుకువెళ్లవచ్చా?

అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగువారు, ముఖ్యంగా తల్లిదండ్రులను విజిటర్ వీసాపై రప్పించుకున్నవారు, తరచుగా అడిగే సందేహం ఒకటి ఉంది. దగ్గరలోని ఆసుపత్రివారు గుడి ఆవరణలోనో, లైబ్రరీలోనో ఉచితంగా బీపీ, షుగర్ పరీక్షలు చేస్తున్నారని తెలిసింది. వెళ్తే తర్వాత బిల్లు పంపుతారా, ఇన్సూరెన్స్ లేని పెద్దవాళ్లను తీసుకువెళ్లవచ్చా, వీసాకు ఏమైనా ఇబ్బంది వస్తుందా? నిశ్చింతగా వెళ్లమనే నేను చెబుతాను. బీపీ చూడడానికి సాధారణంగా ఎవరూ వీసా వివరాలు అడగరు. అయితే ఈ కార్యక్రమాలు ఎందుకు జరుగుతున్నాయో, వాటి హద్దు ఎక్కడో తెలుసుకుని వెళితే ప్రయోజనం ఎక్కువ.

ఈ దేశంలోని సాధారణ ఆసుపత్రులలో సగానికి పైగా లాభాపేక్ష లేని సంస్థలు. అవి ఫెడరల్ ఆదాయపు పన్ను కట్టవు. చాలాచోట్ల ఆస్తి పన్ను కూడా కట్టవు. అందుకు బదులుగా తమ చుట్టుపక్కల ప్రజలకు మేలు చేస్తున్నామని చూపించాలన్న నియమం 1969 నుంచి ఉంది. 2010లో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం దానికి మరింత బలం చేకూర్చింది. ఆ చట్టం ప్రకారం ఇలాంటి ప్రతి ఆసుపత్రీ మూడేళ్లకు ఒకసారి తన ప్రాంత ప్రజల ఆరోగ్య అవసరాలను స్థానికుల అభిప్రాయాలతో సహా సేకరించి, ఆ నివేదికను అందరికీ అందుబాటులో ఉంచి, వాటిని ఎలా తీర్చబోతున్నదో ఒక ప్రణాళిక రాసుకోవాలి. మన ఊళ్లలో ఉచిత వైద్య శిబిరం చాలావరకు దాతల దయతో నడుస్తుంది. ఇక్కడ ఆసుపత్రి పెట్టే శిబిరం వెనుక పన్ను మినహాయింపుకు ప్రతిగా వచ్చిన బాధ్యత ఉంది. కాబట్టి మంచి జీతం ఉన్నవారమని, ఎవరి వాటానో తీసుకుంటున్నామని మొహమాటపడవలసిన పని లేదు.

మనం వెళ్లవలసిన కారణం మరొకటి ఉంది. దక్షిణాసియా మూలాలున్నవారికి గుండె జబ్బులు, మధుమేహం ఇతరులకంటే చిన్న వయసులోనే, అంత లావుగా లేనివారికి కూడా వస్తున్నాయని వైద్యులు గుర్తించారు. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సాధారణంగా బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఉందో చూపే సంఖ్య) 25 దాటినవారికి సూచించే షుగర్ పరీక్షను ఆసియా మూలాలవారికి 23 నుంచే సూచిస్తుంది. 2018లో వెలువడిన కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాన్నే గుండె జబ్బు ముప్పును పెంచే అంశాలలో ఒకటిగా చేర్చాయి. కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో ఎల్ కమీనో ఆసుపత్రి 2006లోనే మనవారి కోసం ప్రత్యేకంగా సౌత్ ఏషియన్ హార్ట్ సెంటర్‌ను ప్రారంభించింది. అన్నం, పప్పు, ఊరగాయ తినే ఇంట్లో ఏది తగ్గించాలో, దేన్ని దేనితో మార్చుకోవాలో తెలిసినవారు చెప్పే సలహాకూ, రొట్టె మానేయండి అనే సలహాకూ చాలా తేడా ఉంటుంది. మీ ఊళ్లో అలాంటి కేంద్రం లేకపోయినా, హెల్త్ ఫెయిర్‌లో డైటీషియన్ ఉంటే ఆ బల్ల దగ్గర ఎక్కువసేపు కూర్చోండి, ఇంట్లో మూడు పూటలా ఏం తింటారో దాచకుండా చెప్పండి.

ఇక హద్దుల విషయం. శిబిరంలో చేసేది ముందస్తు పరీక్ష మాత్రమే. అది రోగ నిర్ధారణ కాదు. వేలు గుచ్చి చూసిన షుగర్ అంతకుముందు తిన్న ప్రసాదాన్ని బట్టి కూడా మారుతుంది. బీపీ 130/80 దాటినా, ఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 5.7 శాతం దాటినా భయపడకుండా, అలాగని కాగితం మడిచి జేబులో పెట్టుకుని మరిచిపోకుండా, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఉద్యోగం ద్వారా ఇన్సూరెన్స్ ఉన్నవారికి, ఆ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్‌లోని డాక్టరు దగ్గర ఏడాదికి ఒకసారి చేయించుకునే ప్రివెంటివ్ పరీక్షకు దాదాపు అన్ని ప్లాన్లలోనూ కోపే (మనం చేతి నుంచి కట్టే వాటా) ఉండదు. ఇన్సూరెన్స్ లేనివారికి ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఉన్నాయి; అక్కడ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గుతుంది. శిబిరంలో కూడా కొన్ని ఆసుపత్రులు మామోగ్రామ్ (రొమ్ము క్యాన్సర్ కోసం తీసే ఎక్స్‌రే) వంటి పరీక్షలకు ఇన్సూరెన్స్ కార్డు అడుగుతాయి కాబట్టి, ఏది పూర్తిగా ఉచితమో, దేనికి బిల్లు వెళుతుందో పేరు రాయించుకునే ముందే అడగండి.

అమ్మానాన్నల విషయంలో మరికాస్త జాగ్రత్త కావాలి. విజిటర్ ఇన్సూరెన్స్ చాలావరకు పాత జబ్బులకు, మామూలు పరీక్షలకు వర్తించదు. అందుకే ఈ శిబిరాలు వారికి ఎక్కువగా ఉపయోగపడతాయి. ఫలితాల కాగితం అడిగి తీసుకోండి. షుగర్, కొలెస్ట్రాల్ కొలతలు ఇక్కడా ఇండియాలోనూ ఒకే యూనిట్లలో ఉంటాయి కనుక అక్కడి డాక్టరు దాన్ని నేరుగా చదువుకోగలరు. అత్యవసర పరిస్థితి వస్తే, డబ్బు లేదనో, ఇన్సూరెన్స్ లేదనో ఎమర్జెన్సీ విభాగం పరీక్షించకుండా పంపకూడదని 1986 నాటి చట్టం చెబుతుంది. పరిస్థితి నిలకడపడేవరకు చికిత్స చేయాలి, కానీ తర్వాత బిల్లు వస్తుంది. ఆ బిల్లు చూసి కంగారుపడి క్రెడిట్ కార్డు తీయకండి. లాభాపేక్ష లేని ప్రతి ఆసుపత్రికీ రాతపూర్వకమైన ఫైనాన్షియల్ అసిస్టెన్స్ విధానం, అంటే కట్టలేనివారికి బిల్లు తగ్గించే లేదా మాఫీ చేసే పద్ధతి, ఉండి తీరాలి. డిశ్చార్జి తర్వాత మొదటి బిల్లు ఇచ్చిన తేదీ నుంచి కనీసం 240 రోజుల వరకు దరఖాస్తు తీసుకోవాలి. అర్హతను ఆసుపత్రే నిర్ణయిస్తుంది. కొన్ని తమ ప్రాంతంలో నివసించేవారికే పరిమితం చేస్తాయి కాబట్టి సందర్శకులకు వర్తిస్తుందా అని అడగాలి. డాక్టర్లు విడిగా బిల్లు వేస్తే వారు ఆ విధానం కిందికి వస్తారో లేదో కూడా కనుక్కోవాలి. ఇలా సాయం తీసుకుంటే ఇమ్మిగ్రేషన్ దరఖాస్తుపై ప్రభావం ఉంటుందేమోనన్న సంశయం ఉంటే, తెలిసినవారి మాట మీద ఆధారపడకుండా ఇమ్మిగ్రేషన్ లాయరునే అడగండి; ఆ నియమాలు మారుతుంటాయి.

చివరగా, చాలామంది పట్టించుకోని విషయం భాష. ఇంగ్లీషు రాని అమ్మమ్మకు డాక్టరు మాటలు పదేళ్ల మనవడు అనువదించడం మనకు అలవాటుగా మారింది. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి, అత్యవసరమైతే తప్ప పిల్లలతో ఆ పని చేయించకూడదు. ఫోనులోనో, వీడియోలోనో తెలుగు మాట్లాడే మనిషి వస్తారు. హిందీ సరిపోతుందని సర్దుకోకండి. పేరు నమోదు చేసేటప్పుడు ఇష్టమైన భాష అన్న గడిలో, ఇంగ్లీషు రాని పెద్దవారికి తెలుగు అనే రాయించండి. ఆసుపత్రి సేవలందించే ప్రాంతంలో ఇంగ్లీషు అంతగా రాని ఒక భాషవారు 1,000 మందో, జనాభాలో 5 శాతమో, ఏది తక్కువైతే ఆ సంఖ్యకు చేరితే, ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పత్రాలను ఆ భాషలోకి అనువదించాలని నియమం ఉంది. మూడేళ్లకు ఒకసారి జరిగే అవసరాల సర్వే మీ గుడికో, అపార్ట్‌మెంట్‌కో వచ్చినప్పుడు కూడా నింపి ఇవ్వండి. తెలుగులో షుగర్ క్లాసు కావాలని, వారాంతంలో పెట్టాలని, బస్సు సౌకర్యం ఉన్నచోట పెట్టాలని అందులో రాయండి. వచ్చే మూడేళ్ల ప్రణాళిక రాసేవారు చదివేది ఆ కాగితాలనే.