సర్వర్‌లో మీ కమాండ్‌ను నడిపేది ఎవరు?

ప్రశ్న: హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరానండీ. మా సర్వర్ ముంబైలో ఎక్కడో ఉందట. నా ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషిన్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) అని కొట్టి, సర్వర్ పేరు రాసి, పక్కన అప్‌టైమ్ (సర్వర్ ఎంతసేపటినుంచి నడుస్తోందో చెప్పే కమాండ్) అని టైప్ చేస్తే క్షణంలో జవాబు వచ్చేస్తోంది. ఆ కమాండ్‌ను అక్కడ నడిపేది ఎవరు? మా సీనియర్‌ని అడిగితే "పని చేస్తోంది కదా, వదిలెయ్" అన్నారు.
ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీరు మాత్రం వదలొద్దు. ఆ సర్వర్‌లో ఎస్ఎస్‌హెచ్‌డీ అనే ప్రోగ్రామ్ ఒకటి రాత్రీ పగలూ 22వ నంబర్ పోర్ట్ (నెట్‌వర్క్ నుంచి లోపలికొచ్చే తలుపు లాంటిది) దగ్గర కాపలా కూర్చుని ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ వెళ్లి తలుపు తట్టగానే అది తనలాంటి ఇంకో ప్రాసెస్‌ను పుట్టించి, మిమ్మల్ని దానికి అప్పజెప్పి, తను మళ్లీ తలుపు దగ్గరికి పోతుంది, అందుకే ఒకేసారి ఇరవై మంది లాగిన్ అయినా ఎవరి ప్రాసెస్ వాళ్లకే ఉంటుంది. ఆ కొత్త ప్రాసెస్ ముందు మీ ల్యాప్‌టాప్‌తో మాట్లాడుకుని, మధ్యలో ఎవరు విన్నా అర్థం కాకుండా ఒక తాళం కుదుర్చుకుంటుంది. ఫలానా సర్వర్‌ని నేనే అని తన హోస్ట్ కీ చూపిస్తుంది (మొదటిసారి ఏదో పొడుగాటి వరస చూపించి ఎస్ ఆర్ నో అని అడిగితే మనమంతా చదవకుండా ఎస్ కొట్టేస్తామే, అదే ఇది). ఆ తర్వాత పాస్‌వర్డ్‌తోనో కీతోనో మీరెవరో తేల్చుకుంటుంది.

ఎస్ఎస్‌హెచ్‌డీ నడిచేది రూట్ హోదాలో, అంటే ఆ మెషిన్‌లో దానికి అడ్డు లేదు. కానీ మీ కమాండ్‌ను ఆ హోదాతో ముట్టుకోదు. ముందు మీ యూజర్ ఐడీలోకి మారిపోయి, మీ హోమ్ డైరెక్టరీలోకి వెళ్లి, మీ షెల్‌ను, అంటే టైప్ చేసిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్‌ను (చాలాచోట్ల బాష్) లేపి, "అప్‌టైమ్" అన్న అక్షరాలను దాని చేతిలో పెడుతుంది. అవి మంచివో చెడ్డవో దానికి అనవసరం. నడిపేది షెల్లే. వచ్చిన జవాబు అదే దారిలో మీ దగ్గరికి వస్తుంది, చివర్లో ఎగ్జిట్ కోడ్ (పని సవ్యంగా అయిందో లేదో చెప్పే నంబర్) కూడా వస్తుంది. 255 కనబడితే మాత్రం, చాలావరకు కమాండ్ తప్పు కాదు, కనెక్షన్ దగ్గరే ఏదో తేడా వచ్చిందని.

అక్షరాలు అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, మీ ల్యాప్‌టాప్‌లోనూ ఒక షెల్ ఉంది, మీరు కొట్టిన లైన్‌ను ముందు అదే చదువుతుంది, చదివాక మిగిలిందే అవతలికి వెళ్తుంది. కొన్నేళ్ల కిందట సర్వర్‌లో పాత లాగ్ ఫైళ్లు తీసేద్దామని ఎస్ఎస్‌హెచ్, సర్వర్ పేరు, సీడీ, ఫోల్డర్ పేరు, &&, ఆర్‌ఎం, స్టార్ గుర్తు, ఇలా వరసగా కోట్స్ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కాను. && దగ్గర నా షెల్ లైన్‌ను రెండు ముక్కలు చేసింది. సీడీ ఒక్కటే సర్వర్‌కి వెళ్లి, ఆ ఫోల్డర్‌లోకి అడుగుపెట్టి, పనైపోయిందని తిరిగొచ్చింది. ఆర్‌ఎం నా ల్యాప్‌టాప్‌లోనే, నేనున్న ఫోల్డర్‌లోనే నడిచింది. అందులో ఉన్నవి మా చెల్లి పెళ్లి ఫొటోలు. ఫొటోగ్రాఫర్ దగ్గర ఇంకో కాపీ ఉండబట్టి ఇంట్లో బతికిపోయాను. సీడీ నుంచి చివరిదాకా సింగిల్ కోట్స్‌లో పెట్టి ఉంటే మొత్తం అవతలికే వెళ్లేది.

ప్రశ్న: లాగిన్ అయి నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్) అని కొడితే నడుస్తుంది. బయటి నుంచి ఒకే లైన్‌లో ఎస్ఎస్‌హెచ్‌తో పంపితే "కమాండ్ నాట్ ఫౌండ్" అంటోంది. సర్వర్ అదే, యూజర్ అదే. టెన్షన్‌తో తల పగిలిపోతోంది.
ఓ పాఠకురాలు, హన్మకొండ

జవాబు: లాగిన్ అయినప్పుడు షెల్ మీ ప్రొఫైల్ ఫైళ్లు చదువుకుని కూర్చుంటుంది. ఒకే కమాండ్ పంపినప్పుడు అవతల మనిషి లేడు కదా అని ప్రొఫైల్ జోలికి పోదు. ఉబుంటు అయితే, బాష్ మొదలవగానే చదివే బాష్‌ఆర్‌సీ ఫైల్ తెరిచి మొదటి లైన్లు చూడండి, ఎదురుగా మనిషి లేకపోతే ఇక్కడినుంచే వెనక్కి పో అని రాసి ఉంటుంది. మీ నోడ్ దారి చెప్పే లైన్లు ఆ ఫైల్ అడుగున ఉండి ఉంటాయి, షెల్ అక్కడిదాకా రావడం లేదు. వాటిని పైకి జరపండి, లేదా నోడ్‌కి పూర్తి పాత్ (అది ఉన్న ఫోల్డర్‌తో సహా) రాయండి. అనుమానం ఉంటే డాలర్ గుర్తుతో పాత్ (కమాండ్ల కోసం షెల్ వెతికే ఫోల్డర్ల లిస్ట్) రాసి, ముందు ఎకో పెట్టి, సింగిల్ కోట్స్‌లో పంపి చూడండి. కోట్స్ మరిచిపోతే మీ ల్యాప్‌టాప్‌లోని లిస్టే కనబడుతుంది, ఇందాక చెప్పిన గొడవే. టాప్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌లను స్క్రీన్ మీద చూపించేది) లాంటివి పంపితే టెర్మినల్ లేదని మొరాయిస్తాయి, వాటికి ఎస్ఎస్‌హెచ్ పక్కన హైఫన్ టీ చేర్చండి.

ప్రశ్న: బస్సులో నెట్ పోయింది. ఎస్ఎస్‌హెచ్‌తో సర్వర్‌లో నడుపుతున్న మూడు గంటల డేటాబేస్ ఇంపోర్ట్ మధ్యలో చచ్చిపోయింది. ఇది న్యాయమా?
ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: న్యాయం సంగతి తెలీదు కానీ దానికి పాత కథ ఉంది. లాగిన్ అయినప్పుడు సర్వర్ మీకోసం ఒక ఉత్తుత్తి టెర్మినల్ తయారు చేస్తుంది. మీరు మాయమయ్యారని తెలిశాక దాన్ని మూసేసి, అందులో నడుస్తున్న వాటికి హ్యాంగప్ అనే సిగ్నల్ పంపుతుంది. మోడెమ్‌తో ఫోన్ లైన్ మీద కనెక్ట్ అయిన రోజుల్లో లైన్ కట్ అయితే ఇచ్చిన సిగ్నల్ అది, పేరు అలాగే ఉండిపోయింది. ఈసారి లాగిన్ అవగానే టీమక్స్ (నెట్ పోయినా తన లోపలి పనిని సర్వర్‌లో నడుపుతూనే ఉండే ప్రోగ్రామ్) అని కొట్టి, ఇంపోర్ట్‌ను దాని లోపల మొదలుపెట్టండి. కంట్రోల్ బీ నొక్కి వదిలి డీ కొడితే బయటికి వస్తారు, ఇంటికెళ్లి టీమక్స్ అటాచ్ అంటే వదిలిన చోటే ఉంటుంది.

ప్రశ్న: ఎస్ఎస్‌హెచ్ కంటే ముందు టెల్నెట్, ఆర్‌ఎస్‌హెచ్ వాడేవారని మా ల్యాబ్‌లో చెప్పారు. అవి ఏమయ్యాయి?
ఓ విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఆర్‌ఎస్‌హెచ్ బర్కిలీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో 1983లో వచ్చింది. ఆర్‌హోస్ట్స్ అనే ఫైల్‌లో ఫలానా మెషిన్ నుంచి ఫలానా యూజర్ అని రాసి ఉంటే పాస్‌వర్డ్ కూడా అడగకుండా కమాండ్ నడిపేది. అవతలివాళ్లు 1024 లోపు పోర్ట్ నుంచి వస్తే చాలు, ఆ పోర్ట్‌లు రూట్ మాత్రమే తెరవగలదు కాబట్టి పెద్దమనుషులే అయి ఉంటారని లెక్క. ఎవరి కంప్యూటర్‌కి వాళ్లే రూట్ అయ్యాక ఆ లెక్కకి విలువేముంది? 1988 నవంబర్ 2న వదిలిన మోరిస్ వర్మ్ (తనంతట తానే వ్యాపించే ప్రోగ్రామ్) ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి పాకడానికి వాడుకున్న దారుల్లో ఇదీ ఒకటి. టెల్నెట్ అయితే పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు వైరు మీద పంపేది. హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో అలా పాస్‌వర్డ్‌లు కాజేశాక, అక్కడి టాటూ యులోనెన్ 1995లో ఎస్ఎస్‌హెచ్ రాశాడు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది 21వ పోర్ట్, టెల్నెట్‌ది 23, మధ్యలో 22 ఖాళీగా ఉంటే అడిగి తీసుకున్నాడు. మనం ఇప్పుడు ఎక్కువగా వాడే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 1999లో వచ్చింది.

ప్రశ్న: ఇరవై సర్వర్ల లిస్ట్ పెట్టి, ఒక్కో పేరూ చదివి ఎస్ఎస్‌హెచ్ నడిపేలా వైల్ లూప్ రాశాను. మొదటి సర్వర్‌లో నడిచి ఆగిపోతోంది, ఎర్రర్ కూడా లేదు.
ఓ పాఠకుడు, బెంగళూరు

జవాబు: మిగతా పంతొమ్మిది పేర్లూ మొదటి ఎస్ఎస్‌హెచ్ మింగేసింది. అవతలి కమాండ్‌కి ఇన్‌పుట్ కావాలేమోనని అందినదంతా చదివి పంపేస్తుంది, మీ లిస్ట్‌తో సహా. ఎస్ఎస్‌హెచ్ పక్కన హైఫన్ ఎన్ పెట్టండి.